ఉపకోసలుని పన్నెండేళ్లు: ఉన్నత విద్యలో ఆచార్యధర్మం



ఛాందోగ్యోపనిషత్తు చతుర్థాధ్యాయంలోని సత్యకామ జాబాలుని వృత్తాంతం ఆస్తిక లోకానికి సుపరిచితం. తన గోత్రమేదో తెలియని బాలుడు ఉన్నది ఉన్నట్లు చెప్పి గురుకృపకు పాత్రుడైన ఆ కథ ప్రవచనాలలో తరచుగా వినబడుతూనే ఉంటుంది. ఆ కథ ముగిసిన వెంటనే అదే అధ్యాయంలో మరొక కథ ఆరంభమవుతుంది. దానిని స్మరించేవారు తక్కువ. అందులో సత్యకాముడు బాలుడు కాడు, ఆచార్యుడు. ఆయన గృహంలో ఉపకోసలుడనే అంతేవాసి పన్నెండేళ్లు అగ్నులను సేవించాడు. తోటి శిష్యులందరికీ సమావర్తనం జరిగింది. వారు విద్య ముగించి తమ తమ ఇండ్లకు మరలిపోయారు. ఉపకోసలునికి మాత్రం ఆ అనుజ్ఞ లభించలేదు.

గురుశిష్య సంబంధాన్ని గురించి మాట్లాడేటప్పుడు శిష్యుని విధులను ఏకరువు పెట్టడం లోకంలో పరిపాటి. శుశ్రూష, వినయం, శ్రద్ధ, సహనం అన్నీ శిష్యునికే విధించబడినట్లు కనిపిస్తాయి. అయితే ఉపనిషత్తులను, వాటి వెనుక వచ్చిన విద్యాచరిత్రను సావధానంగా పరిశీలిస్తే వేరొక సత్యం గోచరిస్తుంది. ఈ దేశపు ఉన్నత విద్యలో మొదటి భారం ఆచార్యునిది. శిష్యుని పరిపాకాన్ని గుర్తించడం, గుర్తించిన పిమ్మట అతనిని విడిచిపెట్టడం ఆ భారంలోని ప్రధానాంశం.

సత్యకాముడు శిష్యుడుగా

హారిద్రుమత గౌతముని సన్నిధికి వచ్చిన బాలుడు తన తల్లి జబాల చెప్పిన మాటనే నివేదించాడు. యౌవనంలో అనేకుల పరిచర్యలో తిరిగిన తల్లికి కుమారుని గోత్రం తెలియదు. కనుక అతడు తల్లి పేరుతోనే సత్యకామ జాబాలుడయ్యాడు. ఇంతటి ఋజుత్వం బ్రాహ్మణ లక్షణమేనని నిశ్చయించి గౌతముడు సమిధలను తెమ్మని ఆదేశించి ఉపనయనం చేశాడు. కులగోత్రాల విచారణకు వచ్చిన సమాధానంలో గోత్రం లేదు, సత్యం ఉంది. ఆచార్యుడు ఆ సత్యాన్నే అర్హతగా స్వీకరించాడు.

ఆ వెంటనే ఆయన కృశించి బలహీనమైన నాలుగువందల ఆవులను వేరుచేసి వాటి వెంట వెళ్లమన్నాడు. అవి వేయి కానిదే తిరిగిరానని శిష్యుడే సంకల్పించుకున్నాడు. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అరణ్యవాసం దీర్ఘమే, కాని దానికి ఒక పరిమాణం ఉంది. ఎప్పుడు మరలాలో సత్యకామునికి తెలుసు. మంద వేయి అయిన నాడు ఒక వృషభమే ఆ మాట చెప్పి, ఆచార్యగృహానికి తమను చేర్చమని కోరింది. మార్గమధ్యంలో వృషభం, అగ్ని, హంస, మద్గువనే నీటిపక్షి ఒక్కొక్క పాదం వంతున బ్రహ్మవిద్యను ఉపదేశించాయి.

తిరిగివచ్చిన శిష్యుని ముఖం చూడగానే గౌతముడు గ్రహించాడు. అది బ్రహ్మవేత్త ముఖం వలె ప్రకాశిస్తున్నది. నీకు ఎవరు ఉపదేశించారని అడిగాడే గాని, నా అనుమతి లేకుండా ఎలా నేర్చావని కోపగించలేదు. మనుష్యులు కాని వారు ఉపదేశించారని సత్యకాముడు విన్నవించి, ఆచార్యుని నోట విన్న విద్యయే సార్థకమవుతుందని ప్రార్థించాడు. గౌతముడు అదే విద్యను, ఏమీ మిగల్చకుండా, తిరిగి బోధించాడు. శిష్యుడు వేరొకచోట ఆర్జించిన జ్ఞానాన్ని తృణీకరించకుండా, దానిని తానే సంపూర్ణం చేసి ధ్రువపరచిన ఆచార్యుడాయన.

సత్యకాముడు ఆచార్యుడుగా

ఇట్టి గురువు వద్ద ఎదిగినవాడే సత్యకాముడు. అయినా ఉపకోసల కామలాయనుని విషయంలో ఆయన మౌనం వహించాడు. కారణమేమిటో ఉపనిషత్తు చెప్పదు. శిష్యుని స్థైర్యాన్ని పరీక్షించాడని భావించేవారున్నారు. అది సంప్రదాయ సమ్మతమైన భావనే. అయినప్పటికీ ఆ పరీక్షకు అవధి ఏదో శిష్యునికి తెలియదు. సత్యకామునికి వేయి ఆవులనే కొలత ఉండింది. ఉపకోసలునికి ఏ కొలతా లేదు. తనతో వచ్చినవారు వెళ్లిపోవడం చూస్తూ అతడు ప్రతి ఉదయం అగ్నులను ప్రజ్వలింపజేశాడు.

అప్పుడు మాట్లాడినది ఆచార్యుని భార్య. ఆ బ్రహ్మచారి తపస్సు చేసి అలసిపోయాడనీ, అగ్నులను చక్కగా సేవించాడనీ, ఆ అగ్నులే ఆచార్యుని నిందించే స్థితి రాకముందే ఉపదేశించమనీ ఆమె భర్తకు హితవు చెప్పింది. ఆయన ఉపదేశించకుండానే ప్రవాసానికి వెళ్లాడు. ఉపకోసలుడు వ్యథతో నిరాహారుడయ్యాడు. భుజించమని ఆచార్యపత్ని అడిగినప్పుడు, మనుష్యునిలో నానా ముఖాలుగా పరుగులిడే కోరికలెన్నో ఉన్నాయనీ, తాను వ్యాధులతో నిండి ఉన్నాననీ, తినలేననీ అతడు బదులిచ్చాడు. విద్య కోసం వచ్చి, ఎటూ తేలక, మనస్సు కుంగిన విద్యార్థి మాట అది. వేల సంవత్సరాల నాటి ఉపనిషత్తు ఆ దుఃఖాన్ని దాచలేదు, దానిని శిష్యుని అయోగ్యతగానూ చిత్రించలేదు.

చివరకు అగ్నులే కరుణించాయి. ఇతడు మమ్మల్ని శ్రద్ధతో సేవించాడు గనుక మనమే ఉపదేశిద్దామని సంప్రదించుకొని ప్రాణాన్ని, ఆనందాన్ని, ఆకాశాన్ని బ్రహ్మముగా బోధించాయి. అయితే గమ్యానికి దారి మాత్రం ఆచార్యుడే చెబుతాడని ఆగిపోయాయి. అంతలో సత్యకాముడు తిరిగివచ్చాడు. శిష్యుని ముఖాన్ని చూశాడు. బ్రహ్మవేత్త ముఖం వలె ప్రకాశిస్తున్నదనీ, ఎవరు ఉపదేశించారనీ ప్రశ్నించాడు. ఒకనాడు గౌతముడు తనను అడిగిన ప్రశ్నే అది.

ఆ ప్రశ్నతో సత్యకాముడు తన గురువును తిరిగి చేరుకున్నాడని చెప్పవచ్చు. అగ్నులు మిగిల్చిన భాగాన్ని ఆయన పూరించాడు. నేత్రంలో భాసించే పురుషుని గురించి, అర్చిరాది మార్గాన్ని గురించి ఉపదేశించాడు. కథ శుభాంతమే. అయినా అది ఒక హెచ్చరికను మిగిల్చింది. ఉత్తముడైన ఆచార్యుని ఇంటిలోనూ శిష్యుడు విస్మృతుడయ్యే ప్రమాదముంది. అప్పుడు అతని పక్షాన పలికే మరొక కంఠం ఆ ఇంటిలో ఉండాలి. ఆ కంఠం ఆచార్యపత్నిది. బ్రహ్మవిద్యా చరిత్రలో ఆమె పేరు లేదు. ఆమె చేసిన పని మాత్రం ఉంది.

తెలియదని చెప్పగల ఆచార్యుడు

ఆచార్యుని భారాన్ని ఇతర ఉపనిషత్తులు మరికొన్ని ముఖాల నుండి చూపుతాయి. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిత్పాణులై పిప్పలాదుని చేరుకుంటారు. వారు అప్పటికే వేదాధ్యయనం చేసిన పండితులు. నేటి భాషలో చెప్పాలంటే ఉన్నత పరిశోధనకు వచ్చినవారు. ఒక సంవత్సరం తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో తన వద్ద నివసించి, ఆ పిమ్మట ఇష్టమైన ప్రశ్నలు అడగమని పిప్పలాదుడు చెప్పాడు. తనకు తెలిసి ఉంటే సమస్తమూ చెబుతానని దానికి జోడించాడు. కాలపరిమితి ముందే నిశ్చితమైంది. ప్రశ్న శిష్యునిది. ఆచార్యుని వాగ్దానంలోనే తన జ్ఞానపరిమితి స్వీకృతమైంది.

ఆ ఆరుగురిలో ఒకడైన సుకేశ భారద్వాజుడు తన ప్రశ్నకు ముందు ఒక పూర్వానుభవాన్ని వినిపిస్తాడు. కోసలదేశపు రాజకుమారుడు హిరణ్యనాభుడు అతని వద్దకు వచ్చి షోడశకళలు గల పురుషుని గురించి అడిగాడు. సుకేశుడు తనకు తెలియదన్నాడు. తెలిసి ఉంటే ఎందుకు చెప్పననీ, అనృతం పలికినవాడు సమూలంగా ఎండిపోతాడనీ అన్నాడు. రాజకుమారుడు మౌనంగా రథమెక్కి వెళ్లిపోయాడు. సుకేశుడు మాత్రం ఆ ప్రశ్నను విడువలేదు. శిష్యుడు అడిగిన ప్రశ్నను హృదయంలో శల్యం వలె మోస్తూ, దానికి సమాధానం తెలిసిన వానిని వెదకుకుంటూ పిప్పలాదుని దాకా వచ్చాడు.

ఉద్దాలక ఆరుణి చరిత్రమూ ఇట్టిదే. ఆయన కుమారుడు శ్వేతకేతువును రాజైన ప్రవాహణ జైవలి అయిదు ప్రశ్నలు అడిగాడు. ఒక్కదానికీ సమాధానం తెలియక అతడు తండ్రిపై నిష్ఠూరంతో ఇల్లు చేరాడు. తనకే తెలియనిది నీకెలా చెప్పగలనని తండ్రి ఒప్పుకున్నాడు. అంతటి ఆచార్యుడు విద్య కోసం రాజు వద్దకు తానే వెళ్లాడు. బోధకుడు మరల విద్యార్థి కావడానికి సిగ్గుపడని కాలమది.

ఆ ఉద్దాలకుడే మరొక సందర్భంలో శ్వేతకేతువుకు బోధించిన తీరు ఇంకా ఆసక్తికరం. పన్నెండవ ఏట గురుకులానికి వెళ్లి, ఇరవైనాలుగవ ఏట సకల వేదాలూ నేర్చి, గర్వంతో తిరిగివచ్చిన కుమారుని ఆయన గద్దించలేదు. మఱ్ఱిపండును తెచ్చి చీల్చమన్నాడు. ఉప్పును నీటిలో వేసి మరునాడు వెదకమన్నాడు. పదిహేను దినాలు అన్నం మానిపించి, వేదం స్ఫురించకపోవడాన్ని అతనికే అనుభవంలోకి తెచ్చి, మనస్సు అన్నమయమని నిరూపించాడు. అర్థం కానప్పుడల్లా మరల చెప్పమని కుమారుడు అడిగాడు. తండ్రి మరల మరల చెప్పాడు.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో విద్య ముగించిన అంతేవాసికి ఆచార్యుడు చేసే అనుశాసనం ఉంది. నేటి స్నాతకోత్సవ ప్రసంగాలకు అదే మూలరూపమని పెద్దలంటారు. అందులో ఆచార్యుడు తన గురించి చెప్పుకున్న మాట ఒకటి అపూర్వమైనది. మా నడవడిలో మంచివి ఏవో వాటినే అనుసరించు, తక్కినవాటిని కాదని ఆయన శిష్యునికి స్పష్టపరిచాడు. తనలో అనుసరణీయం కానిదీ ఉండవచ్చునని విద్య ముగించే వేళ అంగీకరించిన ఆచార్యుని వినయం అది. శిష్యునికి వివేచనాధికారాన్ని ఇచ్చి పంపడమే ఆ అనుశాసనంలోని సారం.

తక్షశిల, నాలంద

ఉపనిషత్తుల అనంతర కాలపు విద్యాకేంద్రాల వృత్తాంతాలు అధికంగా బౌద్ధవాఙ్మయంలో లభిస్తున్నాయి. దర్శనం భిన్నమైనా ఆచార్యధర్మం విషయంలో వాటి స్వరం ఉపనిషత్తులకు దూరమైనది కాదు. తక్షశిలలో రుసుము ముందుగా చెల్లించే విద్యార్థులతో పాటు, పగలు గురుగృహంలో పనిచేసి రాత్రి చదువుకునే పేద విద్యార్థులూ ఉండేవారని జాతక కథల వలన తెలుస్తున్నది. ధనం లేనందున విద్య నిరాకరింపబడలేదు. జ్యేష్ఠ శిష్యులు కనిష్ఠులకు పాఠం చెప్పే పద్ధతీ అక్కడ ఉండేది.

మగధ నుండి వైద్యం నేర్వడానికి తక్షశిలకు వెళ్లిన జీవకుని కథ వినయపిటకంలో ఉంది. ఏడేళ్లు గడిచాక ఈ విద్యకు అంతమెప్పుడని జీవకుడు గురువును అడిగాడు. గురువు ఆగ్రహించలేదు. తక్షశిల చుట్టూ యోజన దూరం వెదకి, ఔషధం కానిదేదైనా కనిపిస్తే తెమ్మన్నాడు. అన్వేషించి జీవకుడు రిక్తహస్తాలతో తిరిగివచ్చాడు. ఔషధగుణం లేని మొక్క ఒక్కటీ కనబడలేదన్నాడు. నీ చదువు ముగిసింది, జీవించడానికి ఇది చాలునని గురువు చెప్పి, దారిబత్తెం ఇచ్చి పంపాడు. శిష్యుని ప్రశ్నకు ఒక పరీక్ష, పరీక్షకు ఒక నిర్ణయం, నిర్ణయం వెంటనే వీడ్కోలు. ఉపకోసలునికి పన్నెండేళ్లు దొరకనిది జీవకునికి అడిగిన వెంటనే లభించింది.

వినయపిటకంలోని మహావగ్గంలో గురువుకు శిష్యుడు చేయవలసిన సేవల జాబితా ఉంది. ఆశ్చర్యం కలిగించేది దాని తరువాతి భాగం. శిష్యుడు వ్యాధిగ్రస్తుడైనప్పుడు అవే సేవలను గురువు చేయాలి. తెల్లవారుజామున లేచి పండ్లపుల్ల అందించాలి, ముఖం కడుగుకొనడానికి నీరివ్వాలి, ఆసనం వేయాలి, జావ తెచ్చి పెట్టాలి. ఇరువురూ పరస్పరం తండ్రీ కుమారుల భావంతో మెలగాలి. 7వ శతాబ్దంలో నాలందలో పదేళ్లు చదివిన చీనా యాత్రికుడు ఇత్సింగ్ ఈ ఆచారం సజీవంగా ఉండడాన్ని తన గ్రంథంలో వర్ణించాడు. శిష్యునికి జబ్బుచేస్తే గురువే స్వయంగా పరిచర్య చేసి, మందులు సమకూర్చి, కన్నబిడ్డ వలె చూసుకునేవాడని ఆయన వ్రాశాడు.

నాలంద ప్రవేశం సులభం కాదు. ద్వారం వద్దనే ప్రశ్నలు అడిగేవారనీ, పదిమందిలో ఏడెనిమిది మంది వెనుదిరిగేవారనీ హ్యూయెన్‌త్సాంగ్ పేర్కొన్నాడు. అయితే ఒకసారి ప్రవేశించిన విద్యార్థి ఎంతటి ఆదరణ పొందాడో ఆయన జీవితమే నిదర్శనం. అప్పటి నాలంద పీఠాధిపతి, వయోవృద్ధుడైన శీలభద్రుడు, ఆయనకు యోగాచార శాస్త్రాన్ని స్వయంగా బోధించాడు. శిష్యుని ప్రతిభను గుర్తించి నాలందలోనే ఇతరులకు పాఠం చెప్పే బాధ్యతనూ అప్పగించాడు.

హ్యూయెన్‌త్సాంగ్ స్వదేశానికి మరలదలచినప్పుడు నాలంద భిక్షువులు వద్దని బ్రతిమాలారు. బుద్ధుడు జన్మించిన ఈ పుణ్యభూమిని విడిచి ఎందుకు వెళ్లడమని వాదించారు. విషయం శీలభద్రుని వద్దకు వెళ్లింది. ఆయన శిష్యుని ఉద్దేశమే అడిగాడు. నేర్చినదానిని తన దేశపు భాషలోకి అనువదించి అక్కడివారికి అందించాలని హ్యూయెన్‌త్సాంగ్ చెప్పాడు. శీలభద్రుడు సంతోషించి, ప్రయాణసన్నాహాలు చేయమనీ, ఎవరూ అతనిని ఆపవద్దనీ ఆదేశించాడు. జీవితపు చివరి దశలో తనకు దొరికిన ఉత్తమ శిష్యుడు మరల కనబడడని తెలిసీ వీడ్కోలు పలికిన ఆచార్యుడాయన.

శంకర భగవత్పాదుల నిదానం

శిష్యునికి పాఠం అర్థం కానప్పుడు తప్పెవరిది? ఈ ప్రశ్నకు ఆదిశంకరుల ఉపదేశసాహస్రి గద్యభాగం సూటియైన సమాధానం ఇస్తుంది. విద్య శిష్యుని మనస్సులో దృఢపడేవరకు ఆచార్యుడు పునఃపునః బోధించాలి. శిష్యుడు గ్రహించలేదని లక్షణాలను బట్టి తెలిస్తే, గ్రహించకపోవడానికి కారణాలను ఆచార్యుడే కనుగొని తొలగించాలి. అధర్మం, లౌకిక విషయాలలో ఏమరుపాటు, నిత్యానిత్య వివేకం ముందుగా గట్టిపడకపోవడం, లోకుల మెప్పును గురించిన చింత, జాతి మొదలైన వాటి అభిమానం ఆ కారణాలుగా శంకరులు పరిగణించారు. వైద్యుడు వ్యాధి నిదానం చేసినట్లు ఆచార్యుడు అజ్ఞానపు నిదానం చేయాలన్నది తాత్పర్యం. ఇక్కడ మందబుద్ధి అన్న మాట చెప్పి చేతులు దులుపుకునే అవకాశం బోధకునికి లేదు.

తోటకాచార్యుల ఐతిహ్యం ఇదే భావానికి కథారూపం. గిరి అనే శిష్యుడు గురువస్త్రాలను ఉతకడానికి వెళ్లి రావడం ఆలస్యమైతే, శంకరులు పాఠం ఆరంభించకుండా నిరీక్షించారనీ, పండితులైన తక్కిన శిష్యులకు అది వింతగా తోచిందనీ, అంతలో గిరి తోటకవృత్తంలో గురుస్తుతి చేస్తూ వచ్చాడనీ సంప్రదాయం చెబుతున్నది. గురువు నిరీక్షించిన ఆ కొద్ది సమయమే శిష్యుని జీవితాన్ని మార్చింది. ఉపకోసలుని కథలో శిష్యుడు గురువు కోసం నిరీక్షించాడు. తోటకుని కథలో గురువు శిష్యుని కోసం నిరీక్షించాడు.

1857 తరువాత

1857లో కలకత్తా, బొంబాయి, మదరాసు నగరాలలో స్థాపితమైన విశ్వవిద్యాలయాలు లండన్ విశ్వవిద్యాలయాన్ని నమూనాగా గ్రహించాయి. ఆరంభంలో అవి బోధించేవి కావు. కళాశాలలను అనుబంధం చేసుకొని పరీక్షలు నిర్వహించి పట్టాలు ప్రదానం చేసేవి. దీనివలన ఒక మౌలికమైన మార్పు సంభవించింది. ప్రాచీన పద్ధతిలో బోధించినవాడే పరిపాకాన్ని నిర్ణయించేవాడు. నూతన పద్ధతిలో బోధించేవాడు ఒకడు, పరీక్షించేవాడు మరొకడు. శిష్యుని విధి ఒకే వ్యక్తి ఇష్టానిష్టాలపై ఆధారపడకపోవడం దీనిలోని గుణం. శిష్యుని ముఖం చూసి పరిపాకాన్ని గుర్తించే బాధ్యత ఎవరికీ లేకపోవడం దీనిలోని దోషం. సమాధాన పత్రానికి ముఖం ఉండదు.

ఈ వ్యవస్థలోనూ ఆచార్యధర్మాన్ని నిలిపినవారు కొందరున్నారు. వారిలో ఇద్దరు తెలుగువారు మదరాసు క్రైస్తవ కళాశాల విద్యార్థులే కావడం విశేషం.

మొదటివారు రఘుపతి వేంకటరత్నం నాయుడు (1862–1939). కాకినాడలోని పిఠాపురం రాజా కళాశాలకు ప్రధానాచార్యులుగా ఆయన చేసిన సేవ ఆంధ్రదేశంలో ఒక తరాన్ని తీర్చిదిద్దింది. ఆయన బ్రహ్మసమాజ మతానుయాయి, ఏకేశ్వరోపాసకులు. పేద విద్యార్థులకు, అనాథ బాలబాలికలకు తన ఆర్జనను ధారపోశారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి కవి ఆయన శిష్యగణంలోని వారు. పిఠాపురం సంస్థానాధిపతి సూర్యారావు బహద్దూరు ఆయనను గురువుగా భావించి గౌరవించారు. అనంతర కాలంలో మదరాసు విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవి కూడా ఆయనను వరించింది. అయినా ప్రజలు ఆయనను పదవితో కాక కులపతి అనీ బ్రహ్మర్షి అనీ స్మరించారు.

రెండవవారు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో జన్మించిన ఆయన ఆ కళాశాలలో తత్త్వశాస్త్రం చదివారు. వేదాంతంలో నీతికి చోటులేదని అక్కడి మిషనరీ ఆచార్యులు చేసే విమర్శ ఆ యువకుని మనస్సును నొప్పించింది. దానికి సమాధానంగా 1908లో, ఇరవై ఏళ్ల ప్రాయంలో, వేదాంతంలోని నీతిశాస్త్రంపై ఎం.ఎ. పరిశోధన వ్యాసం వ్రాశారు. ఆచార్యులు తప్పుపడతారేమోనన్న సంశయం సహజమే. కాని ఆయనకు బోధించిన ఆచార్యులలో ఒకరైన ఎ.జి. హాగ్ ఆ వ్యాసాన్ని ఎంతో మెచ్చుకొని, తాత్త్విక సమస్యను ఈ విద్యార్థి అసాధారణంగా గ్రహించాడని యోగ్యతాపత్రం వ్రాసి ఇచ్చారు.

ఇందులోని విశేషాన్ని గమనించాలి. హాగ్ స్కాట్లండు నుండి వచ్చిన క్రైస్తవ మతప్రచారకులు. శిష్యుని వ్యాసం ఆయన వర్గపు అభిప్రాయానికే ప్రత్యుత్తరం. అంగీకరించని సిద్ధాంతంలోనూ పరిపాకాన్ని గుర్తించి ధ్రువపరచడం ఆచార్యధర్మపు పరాకాష్ఠ. శిష్యుని చేతిలో ఓటమినే గురువు కోరుకోవాలని మన పెద్దలు చెప్పిన ఆదర్శం ఒక విదేశీయ ఆచార్యునిలో ప్రతిఫలించింది. దాని ఫలం శిష్యునిలోనూ కనిపించింది. 1921లో రాధాకృష్ణన్ మైసూరు విశ్వవిద్యాలయాన్ని వీడి కలకత్తాకు వెళ్లే దినాన విద్యార్థులు ఆయన బండిని పువ్వులతో అలంకరించి, గుఱ్ఱాలకు బదులు తామే లాగుతూ రైలుస్టేషనుకు చేర్చారు. ఆ తరువాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి, కాశీ హిందూ విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులై, చివరకు రాష్ట్రపతి అయ్యారు. 1962 నుండి ఆయన జన్మదినమైన సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినోత్సవమైంది.

నేటి ఉపకోసలులు

పరీక్షల విశ్వవిద్యాలయం బోధించే విశ్వవిద్యాలయంగా, పిమ్మట పరిశోధించే విశ్వవిద్యాలయంగా పరిణమించింది. పరిశోధన పట్టాతో ప్రాచీన సంబంధం మరొక రూపంలో తిరిగివచ్చింది. పిహెచ్.డి. విద్యార్థికి పర్యవేక్షకుడు ఒకరు. పరిశోధనాంశం మొదలు సిద్ధాంత గ్రంథం సమర్పించే వరకు ఆయన సమ్మతి లేనిదే అడుగు ముందుకు పడదు. సంవత్సరాలు గడుస్తుంటాయి. తోటివారు పట్టాలు పుచ్చుకొని ఉద్యోగాలలో చేరుతుంటారు. వెనుక మిగిలినవాడు ప్రతి ఉదయం ప్రయోగశాలకో గ్రంథాలయానికో వెళ్లి తన అగ్నులను ప్రజ్వలింపజేస్తుంటాడు. ఇంటికి వెళితే చదువు ఎప్పుడు ముగుస్తుందని బంధువులు అడుగుతారు. భోజనం సహించదు. ఛాందోగ్యం వర్ణించిన ఆ వ్యథ నేటి విద్యార్థి వసతిగృహాలకు అపరిచితం కాదు.

నేటి నియమాలు ఈ సమస్యను ఎరుగనివి కావు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసరు ఏకకాలంలో 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4 గురికి మించి పిహెచ్.డి. విద్యార్థులను పర్యవేక్షించరాదు. కనీస కాలం 3 సంవత్సరాలు, గరిష్ఠ కాలం సాధారణంగా 6 సంవత్సరాలు. విద్యార్థి తన ప్రగతిని నియమిత కాలానికొకసారి పరిశోధన సలహా సంఘం ముందు ఉంచాలి. ఈ మూడు నియమాలలో మూడు ప్రాచీన సత్యాలు దాగి ఉన్నాయి. ఎందరి ముఖాలను చూడగలడో అందరినే ఆచార్యుడు స్వీకరించాలి. నిరీక్షణకు వేయి ఆవుల వంటి ఒక కొలత ఉండాలి. ఆచార్యుడు మరచినప్పుడు జ్ఞాపకం చేసే ఆచార్యపత్ని కంఠం వంటిది ఒకటి ఉండాలి.

అయితే నియమం దేహమే గాని ప్రాణం కాదు. సలహా సంఘం కాగితంపై సంతకం చేయగలదు, ముఖంలోని ప్రకాశాన్ని గాని మ్లానతను గాని చూడలేదు. దానిని చూడగలిగినవాడు దినదినమూ ఆ విద్యార్థిని కలిసే ఆచార్యుడే. తనకు తెలియనిది తెలియదని చెప్పడం, అర్థం కానప్పుడు కారణం వెదకడం, జబ్బుచేసినప్పుడు పరామర్శించడం, భిన్నాభిప్రాయంలోనూ యోగ్యతను గుర్తించడం, సమయం వచ్చినప్పుడు సంతోషంతో విడిచిపెట్టడం ఏ చట్టమూ బలవంతంగా చేయించలేని పనులు. గౌతముడు, పిప్పలాదుడు, శీలభద్రుడు, శంకర భగవత్పాదులు వాటిని ధర్మంగా ఆచరించారు.

శిష్యునికీ ఇందులో ఒక ఆశ్వాసన ఉంది. ఉపకోసలుడు నిరాహారుడైన దినాన అతని పన్నెండేళ్ల సేవ వ్యర్థమైనట్లే కనిపించింది. కాని ఏ అగ్నులను అతడు శ్రద్ధతో సేవించాడో ఆ అగ్నులే మాట్లాడాయి. శ్రద్ధతో చేసిన అధ్యయనం ఒకనాడు తానే గురువై పలుకుతుంది. అయినా ఆ అగ్నులు కూడా చివరి మాటను ఆచార్యునికే విడిచిపెట్టాయి. శిష్యుడు ఎంత సాధించినా, నీవు ఎరిగినవాడవని గుర్తించి చెప్పే ఒక మనిషి అతనికి కావాలి.

ప్రవాసం నుండి తిరిగివచ్చిన సత్యకాముడు మొదట చూసినది శిష్యుని ముఖాన్నే. ఉన్నత విద్యాలయంలో అడుగుపెట్టే ప్రతి ఆచార్యుడూ ప్రతి దినమూ మొదట చూడవలసినది దానినే.